కాకులు రాని క్వారీ

మా ఎదురింటాయన బ్యాంకులో రిటైరైన దగ్గర్నుంచి పిట్టల వెంట పడ్డాడు. తెల్లవారకముందే మెడలో కెమెరా వేసుకుని నరసరావుపేట చుట్టుపక్కల కాలవగట్లన్నీ తిరిగొస్తాడు. ఈ మధ్య ఫోనులో ఒక యాప్ పెట్టుకున్నాడు. ఏ పిట్ట కూసినా ఆ ఫోను విని, ఫలానా అని పేరూ బొమ్మా చూపిస్తుందట. మొన్న నేను పాల ప్యాకెట్టు తీసుకుని వస్తుంటే గేటు దగ్గర ఆపి, ఇదొకటి వినమని ఫోను నా చెవి దగ్గర పెట్టాడు. ముందు కాసేపు వాన చప్పుడు. ఆ వెనక, ఎక్కడో లోతులోంచి, మగమనిషి గొంతు సవరించుకుంటున్నట్టు నాలుగైదు మూలుగులు. కాస్త ఆగి, మళ్ళీ. చక్కగా ఎండ వచ్చేసిన సిమెంటు రోడ్డు మీద, పక్కన ఇస్త్రీ బండి, ఎదురుగా స్కూలు బస్సు, అన్నీ ఉండగా నాకు భయం వేసింది. అది పిట్ట గొంతని నాకు తెలుసు. ఆయన ఫోను కంటే చాలా ముందే తెలుసు. తెలిసి కూడా భయపడ్డాను కాబట్టి ఇంటికొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను.

ఎనభైల్లో నేను నరసరావుపేటలోనే మా బాబాయి ఇంట్లో ఉండి డిగ్రీ చదువుకునేదాన్ని. బాబాయి అంటే మా నాన్న తమ్ముడు, కాలేజీలో జువాలజీ లెక్చరరు. ఈయనకి నాకంటే పిట్టలే ఎక్కువని పిన్ని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆయన ఎప్పుడూ కాదనలేదు. మిలిటరీలో చేసి వచ్చిన ఎవరి దగ్గరో కొన్న బైనాక్యులర్ ఒకటి ఉండేది. దాని బరువుకు ఆయన మెడ శాశ్వతంగా ముందుకు వంగిపోయిందని మా అందరి నమ్మకం. ఖాకీ చొక్కా వేసుకుని కాలవ గట్టున నిలబడి దాన్ని కళ్ళకు పెట్టుకున్నాడంటే, చేలల్లో రైతులు కాలవల ఆఫీసరు వచ్చాడనుకుని పరుగెత్తుకొచ్చి, చివరి భూములకు నీళ్ళు రావడం లేదని మొరపెట్టుకునేవాళ్ళు. ఆయన ఓపిగ్గా విని, పైవాళ్ళతో మాట్లాడతానని చెప్పి పంపించేవాడు. పైకి చూస్తూ నడిచి ఏ గుంతలో పడతాడోనని పిన్ని నన్ను తోడు పంపేది. నాకు పిట్టల మీద మోజేమీ లేదు గానీ, ఇంట్లో ఉంటే గిన్నెలు తోమాల్సి వచ్చేది. చెట్టు మీది పిట్టని చూడటం ఒక చూడటమే కాదనేవాడు బాబాయి. జమ్ములో, అంటే మనిషెత్తు పెరిగే ఆ నీటి గడ్డిలో, దాక్కుని బతికేవాటిని చూడాలి అనేవాడు. అవి అలికిడికే మాయమైపోతాయి. కొన్నిటిని ఏళ్ళ తరబడి వింటామే తప్ప చూడలేం.

మా మేనత్త, నాన్నకీ బాబాయికీ అక్క, మాచవరం దాటాక నడికుడి వైపు వెళ్ళే దారిలో ఒక నాపరాళ్ళ ఊళ్ళో ఉండేది. ఆ ఊళ్ళో ఎటు చూసినా రాయే. గోడలు నాపరాళ్ళు, కప్పులు నాపరాళ్ళు, దొడ్డికి కంచె కావాలన్నా ముళ్ళకంప బదులు బండలు నిలబెట్టి వరసగా పాతేవాళ్ళు. మామయ్యా, ఆయన అన్నా కలిసి ఊరి బయట క్వారీ నడిపేవాళ్ళు. ఆ అన్నగారిని మేం పెదమామయ్య అనేవాళ్ళం. సాగర్ కాలవ వచ్చి మా పల్నాడులో చాలామంది బతుకులు పచ్చబడ్డాయి గానీ, వీళ్ళ క్వారీకి మాత్రం జాలు పట్టింది. పైనున్న కాలవలో నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి ఊరుతూ క్వారీ గుంతలోకి దిగేవి. ఆయిల్ ఇంజను పెట్టి పగలంతా తోడితే తెల్లారేసరికి మళ్ళీ నిండేవి. విసిగిపోయి ఆ గుంతని వదిలేసి పక్కన ఇంకోటి తవ్వుకున్నారు. వదిలేసిన దాంట్లో చూస్తుండగానే జమ్ము పెరిగింది. నాలుగు వైపులా మెట్లు మెట్లుగా కోసిన రాతిగోడలు, అడుగున దట్టమైన పచ్చదనం, మధ్య మధ్య నల్లటి నీళ్ళు. చుట్టూ కనుచూపు మేర తుమ్మచెట్లూ తెల్లటి రాతిపొడీ తప్ప ఏమీ లేని చోట అంత పచ్చదనం ఎందుకో చూడ్డానికి బాగుండేది కాదు.

ఒక వానాకాలం మొదట్లో, మబ్బు పట్టిన సాయంత్రం, మామయ్య ఆ గుంత ఒడ్డున పడి ఉన్న ఇంజను పైపులు తెచ్చుకుంటానని వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఒడ్డున చెప్పులున్నాయి, చెప్పుల మీద మడత పెట్టిన తువ్వాలుంది. మర్నాడు ఈతగాళ్ళు దిగారు. బావుల్లో పడిన బిందెలు తీసే పాతాళభేరికి పొడుగాటి తాళ్ళు కట్టి గుంతంతా గాలించారు. కొక్కేలకు జమ్ము వేర్లు తగులుకుని వచ్చాయి తప్ప మనిషి రాలేదు. ఆ నేలలో రాతి కింద బిలాలుంటాయనీ, అడుగున ఎక్కడో దారి ఉండి కృష్ణలోకి పోతుందనీ కొందరన్నారు. నడికుడి స్టేషన్లో మాచర్ల బండి ఎక్కుతుంటే చూశామని ఇద్దరు వచ్చి చెప్పారు. ఏటికి అవతల తెలంగాణ వైపు ఏదో క్వారీలో పనిచేస్తున్నాడని ఇంకొకరు. పెదమామయ్య ప్రతిచోటికీ వెళ్ళి వెతికి వచ్చాడు. అత్త ఎక్కడికీ వెళ్ళలేదు. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. ఆమె ఏడవగా కూడా ఎవరూ చూడలేదు.

మరుసటి ఏడు తొలకరి పడ్డాక ఆ గుంతలోంచి గొంతు మొదలైంది. మామయ్యకు ఒక అలవాటు ఉండేది. రాతిపొడి పట్టిన గొంతుతో పని నుంచి వస్తూ సందు మొదట్లోనే ఊఁ ఊఁ అని సవరించుకునేవాడు. ఆ కాలంలో ఆ ఊళ్ళో మగవాళ్ళు భార్యని పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. ఆయనకు ఆ సవరింపే పిలుపు. అది వినగానే అత్త స్నానానికి పొయ్యి మీద నీళ్ళు పెట్టేది. ఇప్పుడు వాన కురిసే సాయంత్రాల్లో, చీకటి విడీ విడని తెల్లవారుజాముల్లో, గుంతలోంచి అచ్చం అదే చప్పుడు. రాతిగోడల మధ్య తిరిగి తిరిగి పైకి వచ్చేసరికి ఏ మూల నుంచి వస్తోందో తెలిసేది కాదు. పక్క క్వారీలో పనివాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. మందుగుండు పేల్చేటప్పుడు కూడా నోట్లో బీడీ తీయని పెదమామయ్య, పొద్దు వాలితే ఆ వైపు అడుగు వేయడం మానేశాడు. అత్త ఒక్కతే భయపడలేదు. గొంతు వినపడగానే లేచి పొయ్యి వెలిగించి నీళ్ళు పెట్టేది. అవి మరిగి, చల్లారి, పొద్దున్నే గేదె కుడితిలోకి పోయేవి. నేనున్న ఒక సాయంత్రం అలాగే చేసింది. ఏ రోజూ చేసే పనిలాగే చేస్తూ, నన్ను చూసి, ఏమే, ఆ పుల్లలు ఇట్టా అందుకో అంది. అందించాను. ఎవరికోసమో తెలియని ఆ నీళ్ళు మరుగుతుంటే పక్కన కూర్చోవడం కంటే ఆ గుంత దగ్గరికి వెళ్ళి నిలబడటమే తేలికనిపించింది.

సంగతి విని బాబాయి సగం బాధపడ్డాడు, సగం సంబరపడ్డాడు. అది వాటర్‌కాక్ అయి ఉంటుందన్నాడు. నీటికోళ్ళలో ఒక జాతి. మిగతా కాలమంతా మట్టిరంగులో ఎవరికీ కనపడకుండా తిరుగుతుంది. వానలు పడగానే మగపిట్ట ఒంటినిండా నల్లగా మారి, నుదుటి మీద ఎర్రటి కొమ్ములాంటిది తెచ్చుకుని, జమ్ములో దాక్కుని ఇలా మూలుగుతుంది. దాని కోసం ఆయన చిత్తడి నేలలన్నీ ఏళ్ళ తరబడి తిరిగాడు, ఒక్కసారీ కంటపడలేదు. ఇప్పుడది సొంత అక్క గుమ్మం ముందుకొచ్చి బావ గొంతుతో కూస్తోంది. దాన్ని అక్కకు చూపించేస్తే ఆమె మనసు కుదుటపడుతుందని ఆయన ఆలోచన. అక్క పేరు చెప్పి ఈయన మోజు తీర్చుకోవడమేనని పిన్ని అంది. రెండూ నిజమే అయి ఉంటాయి.

సెలవులు చూసుకుని ఇద్దరం వెళ్ళాం. తెల్లవారుతుండగా రాతి మెట్లు సగం దిగి ఒక బండ మీద కూర్చున్నాం. మాట్లాడకూడదు, కదలకూడదు, దోమ కుట్టినా కొట్టకూడదు, ఇవీ బాబాయి షరతులు. నీళ్ళ మీద పల్చగా పొగమంచు. చాలాసేపు ఏమీ లేదు. గాలి కూడా లేదు. గాలి లేకుండానే జమ్ములో ఒకచోట ఆకులు కదిలాయి. ఆ కదలిక నిదానంగా ఈ పక్క నుంచి ఆ పక్కకు వెళ్ళి ఆగింది. లోపల ఎవరో అడుగులో అడుగు వేసుకుంటూ నడిచినట్టే ఉంది. కాసేపటికి ఆగిన చోట నుంచి ఇటుకరంగు రొమ్ముతో చిన్న పిట్ట ఒకటి తల బయటపెట్టి, మమ్మల్ని చూసి, లోపలికి తీసుకుంది. దాన్ని చూడటానికి మనుషులు దూరదేశాల నుంచి వస్తారని బాబాయి నా చెవిలో చెప్పాడు. అంత చిన్న పిట్ట అంత జమ్ముని ఎలా కదిలించిందో మాత్రం చెప్పలేదు.

నేను ఎదురుగా ఉన్న జమ్ము కాడల్నే చూస్తున్నాను. చూస్తూ ఉండగా కాడల మధ్య రెండు పసుప్పచ్చటి కళ్ళు నన్ను చూస్తున్నాయని తెలిసింది. అవి అప్పుడే వచ్చినవి కావు. నేను కూర్చున్నప్పటి నుంచీ అక్కడే ఉన్నాయి. నేను అరవబోతే బాబాయి నా చెయ్యి గట్టిగా నొక్కాడు. అది జమ్ములో ఉండే కొంగ అని తర్వాత చెప్పాడు. బెదిరితే ముక్కు నిటారుగా పైకెత్తి, మెడ సాగదీసి, జమ్ము కాడల్లో కాడగా నిలబడిపోతుంది. జమ్ము ఊగితే తనూ ఊగుతుంది. కళ్ళు మాత్రం ముక్కు కిందుగా మనల్నే చూస్తుంటాయి. నేను రెప్ప వేసి తెరిచేసరికి అక్కడ కాడలే ఉన్నాయి. వెళ్ళిపోయిందో, ఇంకా నన్నే చూస్తోందో ఆ తర్వాత ఎంతసేపు కూర్చున్నా నాకు తెలియలేదు.

ఇంకాస్త సేపటికి ఖాళీ సీసా మూతిలో ఊదినట్టు ఒక చప్పుడు వచ్చింది. అది ఉల్లంకిలాంటి పిట్టట, కళ్ళచుట్టూ తెల్లటి చారలుంటాయట. వాటిల్లో కూసి పిలిచేది ఆడది, గుడ్లు పొదిగేది మగది అని చెప్పి బాబాయి తనలో తను నవ్వుకున్నాడు. ఆ నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే అసలు గొంతు వచ్చింది. ముందు మా కింద నుంచి. తర్వాత ఎదుటి గోడ నుంచి. ఆ తర్వాత, ఒట్టేసి చెబుతున్నాను, మా వెనక నుంచి. వెనక రాతిగోడ తప్ప ఏమీ లేదు, నేను తిరిగి చూశాను. బాబాయి బైనాక్యులర్ అటూ ఇటూ తిప్పుతున్నాడు. ప్రతిధ్వని అమ్మాయ్, ప్రతిధ్వని అని రెండుసార్లు అన్నాడు. నాకు చెప్పాడో తనకే చెప్పుకున్నాడో. ఎండెక్కేదాకా కూర్చున్నా ఆ పిట్ట కనపడలేదు. తిరిగి వస్తుంటే ఆయన ఇంకో సంగతి అన్నాడు, ఇంతసేపూ ఒక్క కాకి అరవలేదని. ఊరి నిండా కాకులే. ఇన్ని నీళ్ళున్న చోట ఒక్కటీ ఎందుకు వాలదో ఆయనకు అర్థం కాలేదు.

ఇంటికొచ్చి బాబాయి అక్క ముందు కూర్చుని వాటర్‌కాక్ గురించి క్లాసులో చెప్పినట్టు అంతా చెప్పాడు. అత్త బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంతా విన్నది. "చూశావా నువ్వు దాన్ని?" అని అడిగింది. చూడలేదన్నాడు. "నేనూ మీ బావని చూళ్ళేదు. నీకూ నాకూ తేడా ఏందిరా" అని చాట తీసుకుని లోపలికి వెళ్ళింది. బాబాయి ఆ పూట అన్నం సరిగా తినలేదు.

పెదమామయ్య చెడ్డమనిషి కాదు. కర్మ జరగని చావు ఇంట్లో ఉంటే ఏ శుభకార్యమూ తలపెట్టకూడదు, పనివాళ్ళు క్వారీకి రారు, అవి ఉన్నాయి. వాటికంటే, తమ్ముడు దిక్కులేకుండా ఆ జమ్ములో తడుస్తూ తిరుగుతున్నాడన్న బాధ ఆయన్ని నిద్రపోనిచ్చేది కాదు. శవం దొరకని చావుకు దర్భలతో బొమ్మ చేసి, దానికి దహనం చేసి, కర్మ జరిపించవచ్చని అయ్యవారు దారి చెప్పారు. దానికి అత్త ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే మరి బొట్టూ గాజులూ తీసేయాలి. పెద్దవాళ్ళు కూర్చోబెట్టి చెప్పగా చెప్పగా ఆమె ఒక మాట మీద దిగింది. ముందు గుంత దగ్గర విస్తరి పెట్టండి, కాకి ముడితే ఆయన పోయినట్టు, మీరు చెప్పినవన్నీ చేస్తాను, ముట్టకపోతే ఇంకెన్నడూ నా దగ్గర ఈ మాట ఎత్తొద్దు అంది. అయ్యవారు వరస తిరగబడిందన్నారు గానీ, చివరికి ఆషాఢ అమావాస్యకు ముహూర్తం పెట్టారు. పెద్దవాళ్ళంతా ఊపిరి పీల్చుకున్నారు. ఎండబెట్టిన వడియాలు కళ్ళముందే ఎత్తుకుపోయే కాకులవి. ఆ ఊళ్ళో కాకి ముట్టని విస్తరి ఎవరూ ఎరగరు. బాబాయి గుంత దగ్గర కాకులుండవని నాతో అన్నాడు, వాళ్ళతో అనలేదు.

ఆ రోజు పొద్దున్నుంచీ మబ్బు. వాన పడటం లేదు, వెలుతురు రావడం లేదు. నీళ్ళ పక్కన చదునుగా ఉన్న మెట్టు మీద విస్తరాకు పరిచి జొన్నన్నం, గోంగూర, కోడికూర, గారెలు వడ్డించి, పక్కన ఒక చుట్ట పెట్టారు. అందరం పై మెట్ల మీదకు జరిగి నిలబడ్డాం. పెదమామయ్య చప్పట్లు కొట్టి కాకుల్ని పిలిచాడు. ఆ పిలుపు గోడల మధ్య తిరిగి ఆయనకే వినపడింది. ఎంతసేపు చూసినా ఆకాశంలో ఒక్క నల్లటి చుక్క లేదు. ఊళ్ళో వాళ్ళని తీసుకురండిరా అని, మనుషుల గురించి చెప్పినట్టే కాకుల గురించి చెప్పాడాయన. ఇద్దరు ఊళ్ళోకి పరుగెత్తి, దారి పొడుగునా ఎండుచేపల తలలూ అన్నం మెతుకులూ చల్లుకుంటూ కాకుల్ని మళ్ళించుకొచ్చారు. అవి గోలగోలగా గుంతకు ముందున్న ఆఖరి తుమ్మచెట్టు దాకా వచ్చి, కొమ్మ మీద వరసగా కూర్చుని, గుంత వైపు చూశాయి. ఒక్కసారిగా నోళ్ళు మూతపడ్డాయి. కాసేపటికి అన్నీ కలిసి లేచి ఊరి వైపు వెళ్ళిపోయాయి. అంతవరకూ నవ్వాపుకుంటున్న నేను మళ్ళీ నవ్వలేదు.

కాకి ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని అర్థం. బతికున్నవాళ్ళు ముందుకొచ్చి అది తీరుస్తామని మాటివ్వాలి. పెదమామయ్య వచ్చి, తమ్ముడి ఇంటిదాన్ని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటానన్నాడు. మా నాన్న వచ్చి అక్కకు ఏ లోటూ రానివ్వనన్నాడు. బాబాయి వచ్చి నిలబడి ఏమీ అనలేక వెనక్కి వెళ్ళాడు. ఎవరి మాటకూ ఏమీ రాలేదు. చివరికి అందరూ అత్త వైపు చూశారు. ఆమె చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని విస్తరి దాకా దిగింది. జమ్ము వైపు తిరిగి, సందు చివర ఉన్న మనిషితో మాట్లాడినట్టు మామూలు గొంతుతో అంది.

"నువ్వు బతికుంటే రామాక. పోయుంటే మాత్రం వచ్చి తిను. వంట చల్లారిపోతంది."

ఆమె రెండు మెట్లు ఎక్కిందో లేదో, జమ్ము పక్కకు జరిగింది. పిట్ట బయటికి వచ్చింది. కోడిపుంజంత ఉంది. ఒళ్ళంతా నలుపు, ఎర్రటి పొడుగాటి కాళ్ళు, నుదుటి మీద ఎర్రటి కొమ్ము. ఒక్కో కాలూ ఎత్తి, ఆలోచించి, ఆనించి, మెట్టు ఎక్కింది. అంతమందిమి ఉన్నాం, ఎవరి వైపూ చూడలేదు. విస్తరి దగ్గరికి వచ్చి జొన్నన్నంలో ముక్కు పెట్టి తినడం మొదలుపెట్టింది. కడుపు నిండినట్టు ఆగి, మెడ సాగదీసింది. గొంతు ఉబ్బింది. ఊఁ... ఊఁ... ఊఁ. ఇన్నాళ్ళూ ఊరంతా తలుపులు వేసుకుని విన్న ఆ గొంతు మా కళ్ళముందు, ఆ పిట్ట మెడలోంచి వచ్చింది. అత్త దానికి అందరికంటే దగ్గరగా ఉంది. ఆమె ముఖం నాకు కనపడలేదు. బాబాయి మెడలో బైనాక్యులర్ అలాగే వేలాడుతోంది. దాన్ని ఎత్తడానికి ఆయన చేతులు లేవలేదు. పిట్ట ఎంత నిదానంగా వచ్చిందో అంత నిదానంగా దిగి జమ్ములోకి పోయింది. జమ్ము మూసుకుంది.

ముందుగా తేరుకున్నది అయ్యవారు. నల్లగా ఉంది, రెక్కలున్నాయి, పిలిస్తే వచ్చి ముట్టింది, కాబట్టి కాకి కిందే లెక్క అని తేల్చారు. పెదమామయ్య జమ్ముకి చేతులు జోడించి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఆడవాళ్ళు ఇద్దరు గాజుల కోసం అత్త వైపు దిగారు. అత్త చెయ్యెత్తి వాళ్ళని ఆపి, బాబాయి వైపు తిరిగింది.

"ఒరేయ్ చిన్నోడా, చదువుకున్నోడివి నువ్వు చెప్పు. అది కాకేనా?"

ఆ గొంతు వట్టి పిట్టదని అక్కకు చెప్పి, ఆ ఎదురుచూపు నుంచి ఆమెను బయటపడేయాలనే బాబాయి ఇన్నాళ్ళూ ఆ పిట్ట వెంట తిరిగాడు. ఇప్పుడు ఔనని ఒక్క ముక్క అబద్ధం ఆడితే చాలు, అంతా ముగిసిపోతుంది. నిజం చెబితే ఆమె ఎదురుచూపు ఆమెకే మిగులుతుంది. పెదమామయ్య తడికళ్ళతో ఆయన్నే చూస్తున్నాడు. మా నాన్న ఔనను అన్నట్టు తలాడించాడు. "కాదక్కా. కాకి కాదు. నీటికోడి" అన్నాడు బాబాయి చివరికి. అంత చిన్నగా ఆయన పాఠం చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

అయినా పెదమామయ్య వదలలేదు. కాకైతేనేం, ఏదైతేనేం, నువ్వు రమ్మంటే వాడు వచ్చి తిన్నాడు గదమ్మాయ్ అన్నాడు. దానికి అత్త చెప్పిన జవాబు ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఆయనే వచ్చాడంటావా బావా? మరి వచ్చిన మనిషి కళ్ళముందర గాజులు పగలగొట్టుకోనా? ఆయన కాదు, ఉత్త పిట్టే అంటారా, కాకి ముట్టలేదుగా. ఇంక పదండి."

అయ్యవారు ఆకాశం వైపు చూసి, వాన వచ్చేటట్టుంది అన్నారు. విస్తరి అక్కడే వదిలేసి అందరం మెట్లెక్కాం. దారిలో అత్త బాబాయి పక్కన నడుస్తూ, "ఒరేయ్, ఆ పిట్ట ఎన్నాళ్ళు బతుకుద్ది?" అని అడిగింది. నిజం చెప్పాలంటే తనకు తెలియదన్నాడు బాబాయి. ఆమె ఊఁ కొట్టి, మజ్జిగ తాగి వెళ్ళండి అంది. ఆ సాయంత్రం గొంతు వినపడింది. అత్త లేచి పొయ్యి వెలిగించింది. ఆ పిట్ట మెడ ఉబ్బడం అంత దగ్గరగా చూసిన మనిషి నీళ్ళు పెడుతోంది. ఆమె ఏమనుకుని పెడుతోందో అడిగే ధైర్యం నాకు లేదు. పుల్లలు మాత్రం అడక్కుండానే అందించాను.

ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బాబాయి ఆ పిట్టని చూసిన సంగతి కాలేజీలో గానీ తోటి పిట్టలవాళ్ళతో గానీ ఎన్నడూ చెప్పుకోలేదు. ప్రతి తొలకరికీ గొంతు వచ్చేది. ఒక పిట్ట బతికే కాలానికి మించే వచ్చి ఉంటుంది. ఆ తర్వాత ఎప్పటికో పైనున్న కాలవకు సిమెంటు చేశారు. జాలు ఆగిపోయింది. ఒకే ఒక్క ఎండాకాలంలో గుంత అడుగంటా ఎండి జమ్ము పడిపోయింది. పెదమామయ్య, అప్పటికి బాగా ముసలాయన, తనే కిందికి దిగి అడుగంతా వెతికాడు. తుప్పు పట్టిన పైపు ముక్కలు దొరికాయి. ఎముక అన్నది ఒక్కటి లేదు. గోడ అడుగున ఒక మూల, మనిషి పడుకుని జరిగితే పట్టేంత సందు ఉందట. అందులోంచి చల్లటి గాలి వస్తోందట. ఆయన బండలు తెప్పించి దాన్ని మూయించేశాడు. అత్త చూడ్డానికి వెళ్ళలేదు.

ఆ ఏడు తొలకరికి నేను అక్కడే ఉన్నాను. మొదటి వాన పడిన సాయంత్రం అత్త వచ్చి గుమ్మంలో కూర్చుంది. కప్పలు అరిచాయి, చూరు నీళ్ళు పడ్డాయి, అంతే. మర్నాడూ కూర్చుంది. ఆ మర్నాడూ. నేనూ పక్కన కూర్చుని, అప్పట్లో ఏ గొంతు వినపడకూడదని చెవులు మూసుకున్నానో ఆ గొంతే వినపడాలని కోరుకున్నాను. చివరి సాయంత్రం దీపాల వేళకి ఆమె లేచింది. గాజులు ఒక్కొక్కటే తీసి, పగలగొట్టకుండా, గూట్లో పెట్టింది. కొంగుతో బొట్టు తుడుచుకుంది. నేను అత్తా అన్నాను.

"ఇంక రాడులేవే" అంది అత్త, తలుపు వేసుకుంటూ.

పోయినవాళ్ళని కాలం ఒకేసారి తీసుకుపోదు. ముందు మనిషిని తీసుకుపోతుంది, గొంతుని కొన్నాళ్ళు మన దగ్గరే ఉండనిస్తుంది. ఆ కొన్నాళ్ళూ మా అత్త కాపురం చేసింది.